కూర పేరు చెప్పగలిగినంత వేగం

మొన్న పలాస స్టేషన్లో రైలు దిగి, అవతలి ప్లాట్‌ఫాం మీదికి వెళ్లే వంతెన మెట్లు ఎక్కుతూ సగంలో ఆగిపోయాను. చేతిలో పుస్తకాల సంచి, వెనక తోసుకొస్తున్న జనం. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మెట్ల మీద జీడిపప్పు పొట్లాలు అమ్ముకునే ఒకామె పక్కకి జరిగి చోటిచ్చింది.

"కూకోండి బావూ. రైలు దిగిపోనారు గదా, తొందరేటి?" అంది.

కూర్చోలేదు. నాకు తెలియకుండానే పెదాలు కదులుతున్నాయి. "రాత్రి... ఆనపకాయ... పాలు పోసి..." అని గొణుక్కుంటున్నాను. వాక్యం ముక్కలైంది. అంటే నా స్తోమతకు మించిన వేగంతో ఎక్కానన్నమాట. నిలబడ్డాను. ఆయాసం దిగింది. మళ్లీ నెమ్మదిగా ఎక్కుతూ, "రాత్రి ఆనపకాయ పాలు పోసిన కూర, ఉప్పు తక్కువైంది" అని ఒకే ఊపిరిలో చెప్పగలిగాను. జీడిపప్పు ఆమె నన్ను చూసిన చూపును బట్టి, నా మతి మీద ఆమెకు పెద్ద నమ్మకం కలగలేదు.

మెట్ల మీద కూరల పేర్లు చెప్పుకునే ఈ అలవాటు నాకు అంటించిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినా వాళ్ల ఊళ్లోనే చాలామంది ఎవరా అని అడుగుతారు. బారువ దాటాక, కవిటి ఇంకా రాకముందు, సముద్రం ఒడ్డునే ఉన్న ఒక చేపల వేటగాళ్ల ఊరు వాళ్లది. పక్క ఊరి హైస్కూల్లో పిల్లలకు వ్యాయామం నేర్పి రిటైరైంది. ఊరంతా డ్రిల్లమ్మ అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే ఒక్క క్షణం తడుముకునేది.

నేతచీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. మెడలో విజిల్ వేలాడేది గానీ దాన్ని ఊదగా నేను చూడలేదు. అడిగితే, "ఊదితే నా దమ్ము కరుసవుతాది గానీ ఆల్ల దమ్ము పెరగదు గదా" అంది. పరిగెత్తేవాళ్లకు ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ వాళ్ల ముఖాలు చూసేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ల మెడ పక్కన రెండు వేళ్లు ఆనించేది. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవారు. ఒకసారి టెక్కలి నుంచి స్కూలు చూడటానికి వచ్చిన ఒక అధికారి మెడ మీద అలాగే వేళ్లు పెట్టింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"బయపడకండి సార్, నాడి సూత్తన్నాను. జీపు దిగి మెట్లెక్కితేనే ఇలగ కొట్టుకుంటంది. మా బడి గుంటలతో పాటు మీరూ నాలుగు రోజులు రండి" అంది. ఆయన మళ్లీ ఆ స్కూలుకి రాలేదని చెప్పి చాలాకాలం నవ్వేది.

నేను ఆ ఊరికి మొదట వెళ్లింది మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వడానికి. అప్పట్లో ఒకడు మంత్రించిన మొలతాళ్లు అమ్ముతూ ఊరూరా తిరుగుతున్నాడు. నడుముకి కట్టుకుంటే కిడ్నీల జోలికి జబ్బు రాదట. ఈ తీరపు ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి ఇంటికొకరిని పోగొట్టుకుని కూర్చున్న జనానికి, కారణం ఇదీ అని చెప్పగలిగినవాళ్లు లేని చోట, కారణం అక్కర్లేని మందు అమ్మడం ఎంత సుళువో వాడికి తెలుసు. ఆ సాయంత్రం నేను ఆవేశంగా మాట్లాడాను. మొలతాడు కిడ్నీకి ఎంత దూరంలో ఉంటుందో, దారానికీ రక్తానికీ సంబంధమేమిటో, చనిపోయినవాళ్లలో ఎంతమంది నడుముకి ఈ తాడు ఉందో అడిగాను. చప్పట్లు కొట్టారు. కొట్టిన చేతులతోనే మొలతాడు సర్దుకుని ఇళ్లకు పోయారు.

సభ అయ్యాక ఆవిడ దగ్గరకొచ్చింది. "బాగా మాటాడినారు. కూకున్నోల్లకి ఏ మాటైనా బాగుంటాది. తెల్లారి ఇసకలోకి రండి, అక్కడ మాటాడండి" అంది.

వెళ్లాను. కానిస్టేబుల్ ఉద్యోగాలకు, ఆర్మీకి తయారవుతున్న ఆడపిల్లలు కొందరు పరిగెడుతున్నారు. షుగరున్న ఆడవాళ్లు కొందరు నడుస్తున్నారు. నన్ను నడిచేవాళ్లలో కలిపింది. తడి ఇసక గట్టిగా ఉన్నంతసేపు హాయిగానే ఉంది. పొడి ఇసకలోకి రాగానే ప్రతి అడుగూ సగం కిందికి దిగబడుతోంది. సరిగ్గా అప్పుడే ఆవిడ నా ముందుకొచ్చి, వెనక్కి నడుస్తూ, "రాత్రి ఏటి కూర తిన్నారు?" అంది.

మర్యాదకి అడుగుతోందనుకున్నాను. "చే... ప" అన్నాను.

"ఏ సేప?"

నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. గంటలకొద్దీ వాదించిన నోరు అది.

"అయితే తగ్గించండి," అని నా వెనక పరిగెడుతూ వస్తున్న పిల్ల వైపు తిరిగింది. "రాజీ, మీ ఇంట్లో ఏటే?"

"ఎండు నెత్తళ్లు టీచర్, వంకాయేసి సింతపండు పులుసు పోసి వండింది మాయమ్మ, కారం ఎక్కువేసీసింది, మా తమ్ముడు కంచం తోసీసినాడు, దానికి మాయమ్మ ఆడి వీపు మీద..."

"సాల్లే. నీకు ఊపిరి మిగిలిపోతంది. పరిగెట్టు."

అదీ ఆవిడ పద్ధతి. కూర పేరు, అది వండిన తీరు, దాని మీద ఇంట్లో జరిగిన గొడవ అంతా చెప్పగలిగితే ఒంటికి పని చాలడం లేదని లెక్క, వేగం పెంచాలి. కూర పేరు వరకే వస్తే అదే సరైన వేగం. పేరు కూడా రాకపోతే తగ్గించాలి. పరిగెత్తే మనిషి ఊపిరి కాళ్లకు చాలిన తర్వాతే నోటికి మిగులుతుంది. ఎంత మిగిలిందో మాటే చెబుతుంది. గాలిలోంచి ప్రాణవాయువును తీసుకోవడం ఊపిరితిత్తుల పని, మోసుకెళ్లడం రక్తం పని, తోయడం గుండె పని, వాడుకోవడం కండల పని. ఈ నాలుగూ కలిసి ఎంత పని మోయగలవో దాన్నే ఆవిడ దమ్ము అనేది. మీసం తిప్పేవాళ్ల దమ్ముతో దీనికి సంబంధం లేదు.

కూర గురించే ఎందుకని అడిగాను.

"దేశం గురించి అడిగితే ఆలోసిత్తారు. కూరకి ఆలోసనక్కర్లేదు. మాట ఆగిందంటే అది బుర్ర తప్పు కాదు, దమ్ము తప్పని తెలిసిపోతాది."

ఊళ్లో మగవాళ్లకి ఇది పెద్ద వేళాకోళం. "డ్రిల్లమ్మకి ఊరందరి కూరలూ కావాల" అనేవారు. ముఖ్యంగా ఆ ఊరి కులపెద్ద. సముద్రానికి వెళ్లడం మానేసి, ఒడ్డున పడవల నీడలో కూర్చుని వలలు బాగుచేసే ముసలాయన. ఆవిడకు వరసకు మేనమామ అవుతాడు. "నీకు సేపలొండే ఓపిక లేదు గాబోలే, అందరినీ అడిగి కడుపు నింపుకుంటన్నావు" అనేవాడు.

"లే మావా, నాలుగడుగులేసి అప్పుడు అను ఆ మాట" అనేది ఆవిడ. ఆయన లేచేవాడు కాదు.

నెలకొకసారి పిల్లల్ని నిలబెట్టి ఒకటే అడిగేది. మొదటి రోజు ఎక్కడ కూర పేరు ఆగిపోయింది, ఇవాళ ఎక్కడ ఆగింది? పిల్లలు దూరంగా ఉన్న పడవలను చూపించి గర్వంగా చెప్పేవారు. "ఒడ్డు పొట్టిదైపోయిందేటి?" అనేది. కాలేదు అనేవారు. "ఇసక గట్టిపడిందా?" లేదు. "మరి మొక్కుకున్నారేటి ఎవులికైనా?" ఒకరిద్దరు తలలు దించుకునేవారు. మొక్కుకున్నవాళ్లకూ మొక్కుకోనివాళ్లకూ దూరం ఒకేలా ఎలా పెరిగిందో చూడమని, అంతటితో వదిలేసేది. నా ఉపన్యాసాలన్నింటికంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేసిందని నేను ఇప్పటికీ అంటాను.

ఆయాసంలో రెండు రకాలున్నాయనేది. పోయే ఆయాసం, ఉండిపోయే ఆయాసం. పని చేస్తే వచ్చి, ఆపగానే దిగిపోయేది మొదటిది. "అది సుట్టం లాంటిది. వత్తాది, పోతాది. దానికి బయపడి తలుపేసుకుంటే ఎలగ?" అనేది. కూర్చున్నా పడుకున్నా ఛాతీ మీద తిష్ఠ వేసేది రెండోది. దానికి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఈ తేడా చెప్పడం మరో చోట చిన్న విషయం కావచ్చు. ఉద్దానంలో కాదు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ముందు కాళ్లు నీరు పట్టి, ముఖం పాలిపోయి, వీధి చివరికి నడవడానికి ఆయాసం వచ్చి, ఆ తర్వాత మనిషి పోయాడు. అందుకని ఎవరు రొప్పినా ఇంటిల్లిపాదీ హడలిపోతారు. కూర్చో అంటారు. పదిహేనేళ్ల పిల్లని కూడా కూర్చో అంటారు. కూర్చోబెట్టడం మా ప్రాంతంలో ప్రేమకు మరో పేరైపోయింది. కూర్చున్న ఒంటికి స్తోమత తగ్గుతుంది. తగ్గిన స్తోమతకు చిన్న పనే పెద్దదిగా తోస్తుంది. చూశావా, నీకూ మొదలైంది అంటారు. మనిషిని కొంత జబ్బు కూలుస్తుంటే, కొంత జబ్బు భయం కూలుస్తోంది. జబ్బు సంగతి డాక్టర్లు చూడాలి. భయం సంగతి తాను చూసుకుంటానని ఆవిడ బూట్లు కట్టుకుంది.

ఒక ఎండాకాలం పొద్దున, అప్పటికి ఇంటర్ చదువుతున్న ఆ రాజి ఇసకలో పడిపోయింది. నేను అక్కడే ఉన్నాను. నలుగురం మోసుకొచ్చి పడవ నీడలో పడుకోబెట్టాం. క్షణాల్లో జనం మూగారు. కులపెద్ద వల పక్కన పడేసి లేచాడు.

"సెప్పినానా లేదా? ఆడగుంటల్ని గుర్రాల్లాగ పరిగెట్టిత్తే కిడ్నీలు కరిగిపోవేటి?"

రాజి తల్లి నూకాలు ఎండుచేపల తట్ట దారిలోనే దించేసి పరిగెత్తుకొచ్చింది. భర్తను ఈ జబ్బుకే పోగొట్టుకున్న మనిషి. కూతురి తల ఒళ్లోకి తీసుకుని, "నీ పరుగూ వద్దు, నీ ఉజ్జోగమూ వద్దు. లే, ఇంటికి పోదాం" అంది. ఏడవలేదు.

డ్రిల్లమ్మ అప్పటికే పిల్ల మెడ మీద వేళ్లు పెట్టి ఉంది. "నాలిక సూపించే" అంది. నాలుక ఎండిపోయి ఉంది. "రాత్రి నుంచి ఏటి తాగినావు?"

"ఏటీ తాగలేదు టీచర్."

"ఎందుకు?"

రాజి తల్లి వైపు చూసింది.

"నానే వద్దన్నాను," అంది నూకాలు. "ఈ నీళ్లు తాగే గదా ఆల్ల నాన్న పోనాడు. ఎంత తక్కువ తాగితే అంత మంచిదని."

డ్రిల్లమ్మ మిగిలిన పిల్లల వైపు తిరిగింది. ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఒకరికి ఇంట్లో నీళ్లంటే భయం. ఇంకొకరికి దారిలో ఒంటికి వెళ్లే చోటు లేదన్న సిగ్గు. అందరూ ఎండిన గొంతులతోనే ఆ ఎండలో పరిగెడుతున్నారు.

దీన్ని మూర్ఖత్వమని నేను అనలేను. నీళ్ల మీద అనుమానం ఉంది. మనుషులు పోతున్నారు. మరి తాగడం తగ్గిస్తే మంచిదేగా అని ఒక తల్లి తర్కించింది. తర్కం పద్ధతి తప్పలేదు. తేలని సంగతిని తేలినట్టు పట్టుకుని దాని మీద కట్టిన గోడ అది. ఉద్దానంలో తప్ప మరెక్కడా ఒక తల్లి ఈ పొరపాటు చెయ్యదు.

పిల్లకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పట్టిస్తూ డ్రిల్లమ్మ అంది. "నూకాలూ, ఆ బావి నీళ్లు మంచివో కావో నాకు తెలీదు. ఎవులూ తేల్చలేదు. ఇప్పుడు ట్యాంకు నీళ్లు వత్తన్నాయి గదా, అవి తాగించు. అసలు తాగకపోతే సెమట ఎక్కడినుంచి వత్తాది? ఒంట్లోదే లాక్కుంటాది. అప్పుడు కిడ్నీకి పని ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువే" అంది నూకాలు.

"పరుగే మానిపిత్తే ఈ గొడవే ఉండదు గదా" అన్నాడు కులపెద్ద.

"మావా, నూకాలు నెత్తిన తట్టెట్టుకుని మిట్ట మద్దినేల బారువ ఎల్లొత్తాది. నువ్వెప్పుడైనా ఆపినావా? అదీ ఎండే, అదీ సెమటే. తట్టో పరుగో గుండికాయకి తెలుత్తాదేటి?"

"అది బతుకుదెరువే."

"ఇదీ అదే."

తట్ట మోసి రొప్పే ఆడదాన్ని తరతరాలుగా చూసి చలించనివాళ్లకు, ఉద్యోగం కోసం రొప్పే ఆడపిల్ల ఆరోగ్యం మీద హఠాత్తుగా దయ పుడుతుంది. ఆ దయ ఎక్కడినుంచి పుడుతుందో నాకు తెలుసు. ఆవిడకి నాకంటే బాగా తెలుసు. కానీ ఆవిడ ఆయన్ని అంతకుమించి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నీళ్లు తాగి రానివాళ్లని పరుగులోకి రానివ్వలేదు. తమ ఊరి బడి మరుగుదొడ్డి తాళం తెల్లారకముందే తీయించింది. నూకాలు వారం రోజులు కూతుర్ని పంపలేదు. ఎనిమిదో రోజు తానే వెంటబెట్టుకొచ్చి, "మల్లీ పడిపోతే నీ పీక పట్టుకుంటాను" అని చెప్పి వదిలి వెళ్లింది.

అలా కొంతకాలం గడిచింది. ఒక పొద్దున ఆవిడ ఎప్పట్లాగే వెనక్కి నడుస్తూ కూరలడుగుతుంటే పిల్లల్లో ఎవరో తిరిగి అడిగారు. "మీ ఇంట్లో ఏటి టీచర్?"

"బెండ..." అని ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. ఆవిడా నవ్వింది. నిలబడింది. తర్వాత ఇసకలో కూర్చుంది. పరిగెత్తినవాళ్ల రొప్పు దిగిపోయింది గానీ నడిచిన ఆవిడ రొప్పు దిగలేదు. పిల్లలు నవ్వడం మానేశారు.

"ఇది పోయే రకం కాదే," అంది వాళ్లతో. మర్నాడే పలాస వెళ్లి పరీక్షలు చేయించుకుంది. కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయన్నారు. వాటితో పాటు ఒంట్లో రక్తం తగ్గిపోయింది. ఊపిరిని మోసే బండ్లే తక్కువైతే గుండె ఎంత తోసినా కాళ్లకు ఏం చేరుతుంది?

ఆస్పత్రి ఎదుట టీ కొట్టులో నాకు ఆ సంగతి చెప్పింది. ఆవిడ దిగులు వేరేగా ఉంది.

"మావ ఏటంటాడో తెలుసా? పరిగెట్టింది, పోయింది అంటాడు. నాను పోతే పోతాను, ఎవులైనా పోవాల. నా జబ్బుని సాచ్చిం కింద నిలబెట్టి గుంటలందర్నీ ఇళ్లల్లో కూకోబెట్టీత్తారు. అది జరక్కూడదు."

"వ్యాయామం చేసేవాళ్లకి ఈ జబ్బు రాదని నేను రాస్తాను. ఊరూరా పంచుదాం" అన్నాను.

"రాదని ఎలగ రాత్తారు? వచ్చింది గదా. మీ ఎదురుగా కూకుని టీ తాగకుండా సూత్తంది."

"కనీసం మీకు పరుగు వల్ల రాలేదనైనా..."

"నాకు ఎందువల్ల వచ్చిందో తెలీదు. మా అన్నకి వచ్చింది, ఆడు పెళ్లి ఊరేగింపులో కూడా పరిగెట్టలేదు. పరుగు వల్లని ఎవులూ రుజువు సెయ్యలేదు. అంతవరకే రాయండి. అబద్దంతో గెలిస్తే ఆ మొలతాడోడికీ మనకీ తేడా ఏటి?"

నేను అంతవరకే రాశాను.

ఆవిడ దాచుకోలేదు. పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చి చేపల పాట జరిగే వేళ, ఊరంతా ఉన్న చోట నిలబడి తన జబ్బు పేరు చెప్పింది. గుసగుసగా పాకితే అది తన చేతిలో ఉండదని ఆవిడకి తెలుసు. కులపెద్ద అంతా విని నెమ్మదిగా అడిగాడు. ఆ రోజు ఆయన గొంతులో ఎకసెక్కం లేదు.

"అందరికీ నీళ్లు తాగమని సెప్పినావు. ఇప్పుడు నువ్వేమో గుక్క గుక్క కొలుసుకుంటన్నావంట. ఇందులో ఏది నిజిం?"

"రెండూ నిజిమే మావా. నీ బోటు ఇంజను పాడైపోతే డీజిలు పోత్తావా? పొయ్యవు. అందుకని బాగున్న ఇంజన్లకి కూడా పొయ్యడం మానేత్తావా? నాది పాడైంది, డాక్టరు కొలత సెప్పినాడు. ఆల్లవి బాగున్నాయి, తాగాల."

కొందరు తలలూపారు. కొందరు ఆ వారమే కూతుళ్లని మానిపించారు. ఆవిడ వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడింది. కొందరిని వెనక్కి తెచ్చుకుంది. కొందరిని తెచ్చుకోలేకపోయింది.

పలాసలో డయాలసిస్‌ అయిన రోజు ఒళ్లు స్వాధీనంలో ఉండేది కాదు. మిగతా రోజుల్లో డాక్టరు ఒప్పుకున్నంత మేరకు నడిచేది. గోడ పట్టుకుని గుమ్మం దాకా, తర్వాత వీధి మలుపు దాకా. బూట్లు మాత్రం పూర్తిగా కట్టుకునేది. కాళ్ల వాపుతో అవి బిగుతైతే తాళ్లు వదులు చేసుకుంది గానీ చెప్పుల్లోకి దిగలేదు. ఒకరోజు నేను పక్కన నడుస్తూ, ఇంత కష్టపడటం అవసరమా అన్నాను.

ఆగి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది. "ఇదివరకు నాను బారువ దాకా పరిగెడితే వచ్చే ఆయాసం, ఇప్పుడు ఆ కరెంటు స్తంబం దాకా ఎల్తే వత్తంది. అంటే నాకు ఇదే పరుగు. నాను మానలేదండి. దూరం తగ్గింది, అంతే."

శాస్త్రం తెలిసినవాళ్లు చెప్పేదీ ఇదే. పని ఎంత కష్టమో చెప్పేది దూరం కాదు, ఆ పనికీ నీ స్తోమతకూ ఉన్న నిష్పత్తి. స్తంభం దాకా నడిచిన ఆవిడా, బారువ దాకా పరిగెత్తిన పిల్లా ఒకే శ్రమ పడ్డారు. ఈ మాట తెలిసిన సమాజం రోగిని చూసి జాలిపడదు, లేచి చప్పట్లు కొడుతుంది. మనం మాత్రం మంచం వాలుస్తాం.

వర్షాలు వెనకబట్టిన నెలలో ఆవిడ పోయింది. నేనుండే టెక్కలి నుంచి మొదటి బస్సుకే వెళ్లాను. దహనం అయ్యాక మధ్యాహ్నం జనమంతా ఒడ్డున పడవల దగ్గర కూర్చున్నారు. ఆ ఊళ్లో మనిషి పోతే మూడోరోజు కార్యం అయ్యేదాకా ఎవరూ వేటకి వెళ్లరు. పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. కులపెద్ద ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడి ఉన్నాడు. అది నటన కాదు. ఎత్తుకుని తిరిగిన మేనకోడలు. కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు.

"డ్రిల్లమ్మ లాంటి మనిషి మల్లీ పుట్టదు. ఒకరికి సెడు సెయ్యలేదు. కానీ నా మాట ఇనండి. పరిగెట్టింది, పోయింది. అంత గట్టి మనిషే పోతే మన గుంటలెంత? ఇంక ఎవులూ ఎవుల్నీ పంపకండి."

చాలా తలలు ఊగాయి. దుఃఖంలో ఉన్న జనానికి ఆ మాట చాలా సహజంగా తోచింది. ఆవిడ టీ కొట్టులో ఏ మాటకి భయపడిందో అదే మాట, ఆవిడ చితి ఇంకా ఆరకముందే. నేను లేచాను. నా వెనకనుంచి నూకాలు గొంతు వినిపించింది.

"బావా, మా ఆయన పరిగెట్టినాడా?"

కులపెద్ద ఆమె వైపు తిరిగాడు.

"సెప్పు. పోనీ, నీ సొంత తమ్ముడు పరిగెట్టినాడా? సుట్ట కాల్సుకుంటా అరుగు మీద కూకున్నోడు, ఆడెందుకు పోనాడు? ఆ ఎదురింటి అప్ప గడప దాటలేదు, అదెందుకు పోనాది? కూకున్నోల్లు పోతే తలరాత. నడిసింది పోతే నడక తప్పు. ఇదేటి నాయం?"

"అది కాదే నూకాలూ..."

"నాకు సదువు లేదు. ఎందుకు పోతన్నారో నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలీనప్పుడు నోరు మూసుకుని ఉండాల గానీ నా పిల్ల కాళ్లు కట్టీకు."

ఎవరో ఆమెని కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఒక పెద్దామె మధ్యేమార్గం తీసింది. "సరేలే, కార్యం అయ్యేదాకా ఆగండి. ఊరంతా మైలలో ఉంది. ఒడ్డున పరుగులేటి? తరవాత ఆలోసిద్దాం."

తరవాత ఆలోచిద్దాం అన్న మాట కింద ఎన్ని పనులు పూడ్చిపెట్టారో నాకు తెలుసు. మూడు రోజులు ఆగిన పరుగు ముప్పై రోజులు ఆగుతుంది. నూకాలుకి కూడా తెలిసినట్టుంది.

"పోలీసు సెలక్షన్లు మన మైల సూసి ఆగుతాయేటి సిన్నమ్మా? వచ్చే నెలే గదా. రేపు తెల్లారి మా రాజి వత్తాది. నానూ వత్తాను. ఎవులి పిల్లలు వత్తారో ఆల్ల ఇష్టం."

"పిల్లకేటైనా అయితే?" అన్నాడు కులపెద్ద. అది బెదిరింపు కాదు. ఆయన నిజంగానే భయపడుతున్నాడు.

"అయితే ఆసుపత్రికి అట్టుకెల్తాను బావా. నీ దగ్గరికి రానులే."

ఆ దుఃఖంలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వాపుకోలేకపోయారు.

ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. తెల్లవారుతుండగా ఒడ్డుకి వెళ్లాను. ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. వేట లేని మగవాళ్లు ఏం చెయ్యాలో తోచక పడవలకి జారగిలబడి కూర్చున్నారు. సముద్రం మీద ఒక్క తెరచాప లేదు. ముందు నూకాలు, ఆమె వెనక రాజి వచ్చారు. తర్వాత ఇంకో పిల్ల, మరో ఇద్దరు. ఎప్పుడూ వచ్చేవాళ్లలో సగం కూడా లేరు. రోజూ పరిగెత్తే కులపెద్ద మనవరాలు వాళ్లలో లేదు. నూకాలు చీర ఎగదోపుకుని పక్కన నిలబడింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే పిల్లలు పరుగు మొదలుపెట్టారు.

పడవలకీ నీళ్లకీ మధ్య ఉన్న దారి ఇరుకు. కులపెద్ద తన పడవకి వీపు ఆనించి, ఆ దారికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. రాజి అల్లంత దూరం నుంచే ఆయన్ని చూసింది. వేగం తగ్గించలేదు. దగ్గరకొస్తున్న కొద్దీ ఒడ్డంతా ఆయన వైపే చూసింది. ఆయన పిల్లల వైపు చూశాడు, నూకాలు వైపు చూశాడు, కాళ్లు ముడుచుకున్నాడు.